పింఛనుకూ ఆపరేషనుకూ మధ్య

నెల మొదటి తేదీ పొద్దున్నే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో గ్రామ సచివాలయ ఉద్యోగి గడప ముందు ఉంటాడు. చేతిలో ఫోను, వేలిముద్ర యంత్రం, సంచిలో నోట్ల కట్టలు. అరుగు మీద కూర్చున్న అవ్వ బొటనవేలు ఆనిస్తుంది. పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ ఆనిస్తుంది. నలభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన వేలి గీతలు యంత్రానికి చిక్కవు. చివరికి ముఖం చూపిస్తే పనవుతుంది. నాలుగు వేలు చేతికొస్తాయి. లెక్కపెట్టుకోమని చెప్పి, ఫొటో తీసుకుని అతను పక్కింటికి వెళతాడు.

వయసు మళ్లిన మనిషిని ప్రభుత్వం నెలకోసారి ముఖాముఖి కలుసుకునే సందర్భం ఇది. వేలు చూసింది, ముఖం చూసింది. బీపీ ఎంతుందో చూడలేదు. షుగరు మాత్రలు అయిపోయి ఎన్ని రోజులైందో అడగలేదు. పోయిన వారం దొడ్లో కాలు జారిందా, సూదిలో దారం ఎక్కించేంత చూపు ఉందా అని వాకబు చేయలేదు. ఆ ఉద్యోగిని తప్పుపట్టడానికి లేదు. అది అతనికి అప్పగించిన పని కాదు. నిజానికి అది ఎవరికీ అప్పగించలేదు. ఎవరికీ అప్పగించని పనికి బడ్జెట్‌లో పద్దు ఉండదు. పద్దు లేని పనిని ఏ శాఖా నెత్తికెత్తుకోదు. వృద్ధుల ఆరోగ్యం మీద మన ప్రభుత్వాలు పెట్టే ఖర్చులో అసలు లోటు అక్కడే ఉంది.

ఖర్చుకు వెనకాడుతున్నారని ఎవరూ అనలేరు. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. అన్ని రకాల పింఛన్లూ కలిపి దాదాపు 64 లక్షల మందికి నెలనెలా సుమారు 2,700 కోట్లు పంచుతున్నారు. తెలంగాణలో ఆసరా కింద 2019లో పింఛను 2,016 రూపాయలైంది. వీటి పక్కన కేంద్రం ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద ఇచ్చే వాటా పెడితే నవ్వొస్తుంది. 60 నుంచి 79 ఏళ్ల వారికి 200 రూపాయలు, 80 నిండితే 500. ఆ 200 దాదాపు రెండు దశాబ్దాలుగా కదలలేదు. ఢిల్లీ పిసినారితనాన్ని తెలుగు రాష్ట్రాలు సొంత ఖజానాతో పూడ్చుకుంటూ వస్తున్నాయి. ఆ ఘనత వాటికి దక్కాల్సిందే.

రెండో కొసన ఆస్పత్రి ఉంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదవాడి గుండె ఆపరేషను బిల్లు సర్కారు కట్టగలదని దేశానికి చూపించింది. ఆ దారిలోనే కేంద్రం 2024 అక్టోబర్ 29న ఆయుష్మాన్ భారత్‌ను, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 70 ఏళ్లు నిండిన అందరికీ వర్తింపజేసింది. నాలుగున్నర కోట్ల కుటుంబాల్లోని ఆరు కోట్ల మంది పెద్దలకు కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు వైద్యం. తొలి కేటాయింపు 3,437 కోట్లు. మంచి పథకమే. అయితే మనిషి ఆస్పత్రిలో చేరి మంచం మీద పడుకున్నాకే దానికి మెలకువ వస్తుంది. బయట కొనుక్కునే నెలవారీ మాత్రలు, రక్త పరీక్షలు, ఫిజియోథెరపీ దాని గడపలోకి రావు.

అంటే ఒక చివర నెల ఖర్చుకు నగదు, మరో చివర ఆపరేషన్ థియేటర్. ఈ రెంటి నడుమ ఒక మనిషి పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతాడు. ఆ కాలమంతా తన కాళ్ల మీద తాను నిలబడి, తన పని తాను చేసుకుంటూ ఉండటానికి కావాల్సినవి చాలా మామూలు సంగతులు: బీపీ అదుపు, తొడల్లో బలం, చూపు, వినికిడి, నమలడానికి పళ్లు, తడి లేని స్నానాల గది, వారంలో రెండుసార్లయినా నలుగురితో మాట. వీటికోసం ఎవరు ఎంత ఖర్చు పెడుతున్నారో వెతకబోతే పద్దుల పుస్తకంలో వేలు ఆనించడానికి చోటు దొరకదు.

ఆ నిర్లక్ష్యం ఖరీదెంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే తన పింఛన్ల పట్టికలో రాసిపెట్టుకుంది. నడవగలిగే వృద్ధుడికి నెలకు 4,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వ్యక్తికి 15,000. ఆ పదిహేను వేలలో ఒక్క రూపాయి కూడా ఎక్కువ కాదు. మంచాన పడ్డ మనిషిని సాకే ఇంటికి ఆ మాత్రం అవసరం తెలుసు. కానీ పక్షవాతానికి అతి పెద్ద కారణం అదుపులో లేని రక్తపోటు. రక్తపోటు మాత్ర దేశంలో దొరికే అతి చవక మందుల్లో ఒకటి. పక్షవాతం వచ్చాక నెలకు అదనంగా పదకొండు వేలు ఇవ్వడానికి సిద్ధపడిన ఖజానా, అది రాకుండా చూసే మనిషికీ మాత్రకూ బీపీ పట్టీకీ కలిపి నెలకు ఎంత ఇస్తోంది? ఈ ప్రశ్న ఆర్థిక శాఖను అడగాలి, వైద్య శాఖను కాదు. ఎందుకంటే ఆ పదిహేను వేలు వైద్య శాఖ జేబులోంచి పోవడం లేదు. నివారణ భారం ఒక శాఖది, నివారించని దాని బిల్లు మరో శాఖది. ఈ రెండు పద్దులను ఒకే బల్ల మీద పెట్టి చూసే అధికారి రాష్ట్ర సచివాలయంలో ఎవరూ లేరు.

దేశం ముసలిదవుతోందన్నది ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో 60 దాటినవారు 10.38 కోట్లు. 2050 నాటికి 34.7 కోట్లకు చేరతారని, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు వారే అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన భారత వృద్ధాప్య నివేదిక లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో దేశం కంటే ముందుంది. కేంద్ర గణాంక శాఖ అంచనా ప్రకారం 2021లో రాష్ట్ర జనాభాలో 12.4 శాతంగా ఉన్న వృద్ధులు 2031కి 16.4 శాతమవుతారు. దేశవ్యాప్తంగా 72 వేల మందికి పైగా 45 ఏళ్లు దాటినవారిని కలిసిన లాసీ అనే వృద్ధాప్య సర్వేలో 60 దాటినవారిలో 32 శాతం తమకు బీపీ ఉందని, 14 శాతం షుగరు ఉందని వైద్యులు చెప్పినట్టు తెలిపారు. వైద్యుడి దగ్గరికి వెళ్లి చెప్పించుకున్నవారి లెక్క ఇది. చెప్పించుకోనివారి సంగతి వేరే.

ఇంత తెలిసీ కేంద్రం ఏమీ చేయలేదా? చేసింది. 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమాన్ని 21 రాష్ట్రాల్లో 100 జిల్లాలతో మొదలుపెట్టింది. కాగితం మీద దాని రూపం చక్కనిది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండుసార్లు, జిల్లా ఆస్పత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ విభాగం, ఉప కేంద్రం నుంచి మంచాన పడ్డవారి ఇంటికి వెళ్లి చూడటం. దీనికోసం ఎంపిక చేసిన తొలి ఎనిమిది ప్రాంతీయ కేంద్రాల్లో చెన్నై, తిరువనంతపురం ఉన్నాయి. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. తర్వాత జిల్లా స్థాయి నిధులు జాతీయ ఆరోగ్య మిషన్‌లోని అసాంక్రామిక వ్యాధుల ఉమ్మడి పద్దులోకి వెళ్లాయి. క్యాన్సరు, షుగరు, గుండె జబ్బులు, మానసిక ఆరోగ్యం, పొగాకు నియంత్రణ అన్నీ అదే గిన్నెలో చేయి పెట్టేవే. ఆ తోపులాటలో వెనక నిలబడేది ఎవరో చెప్పనక్కర్లేదు. మన ఊరి పీహెచ్‌సీలో వృద్ధుల క్లినిక్ ఏ వారం నడుస్తుందో పాఠకుల్లో ఎంతమందికి తెలుసు?

ఇంకా దగ్గరగా చూడదగ్గది ఆశా కార్యకర్త చేతిలోని ఒక ఫారం. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ షుగరు, బీపీ, క్యాన్సర్ల ముప్పు అంచనా వేసే ప్రశ్నావళి అది. అందులో అరవై దాటినవారికి ప్రత్యేకంగా కొన్ని ప్రశ్నలున్నాయి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నట్టు ఉంటుందా? తినడానికి, బట్టలు కట్టుకోవడానికి, స్నానానికి ఇంకొకరి సాయం కావాలా? దగ్గరివాళ్ల పేర్లు, ఇంటి చిరునామా మరచిపోతున్నారా? ప్రపంచంలోని ఏ వృద్ధ వైద్య నిపుణుడైనా ముందు అడిగేది ఇవే. తయారుచేసిన వారిని మెచ్చుకోవాలి. ఇక ఆశ అడిగింది, అవ్వ "అవును తల్లీ, తూలుతున్నట్టే ఉంటది" అంది. టిక్కు పడింది. ఆ తర్వాత? తూలుతున్న మనిషికి నిలకడ నేర్పే వ్యాయామం ఎవరు చేయించాలి, ఎక్కడ చేయించాలి, అందుకు ఎవరికి ఎంత ఇస్తారు అన్నదానికి ఆ ఫారం కింద జవాబు లేదు. ఫారం అప్‌లోడ్ అవుతుంది. తూలడం అలాగే ఉంటుంది. సమాధానం చేతిలో లేనప్పుడు ప్రశ్న అడగడం ఒక రకంగా క్రూరత్వమే.

సమాధానం వైద్యశాస్త్రానికి తెలియనిదీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. వయసు మళ్లినవారిలోనే ఈ మరణాలు ఎక్కువ. తుంటి ఎముక విరిగిన పెద్దావిడ మళ్లీ లేచి తిరిగితే ఆ ఇంట పండగే, చాలా ఇళ్లలో ఆ పండగ రాదు. 25 దేశాల్లో 23 వేల మందికి పైగా వృద్ధులపై జరిగిన 108 ప్రయోగాలను కోక్రేన్ సంస్థ 2019లో గుదిగుచ్చి చూసింది. క్రమం తప్పని వ్యాయామం, ముఖ్యంగా నిలకడనూ కాళ్ల బలాన్నీ పెంచేది, పడిపోవడాలను 23 శాతం తగ్గిస్తోందని తేలింది. దీనికి జిమ్ అక్కర్లేదు. కుర్చీ వెనక పట్టుకుని మడమలెత్తడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఒంటికాలి మీద నిలబడటం. కాకపోతే వారానికి మూడు రోజులు, నెలల తరబడి చేయాలి, పక్కన చూసుకునే మనిషి ఉండాలి. డబ్బు కావాల్సింది ఆ మనిషికే.

మన ప్రభుత్వాలకు చేతకానిది సరిగ్గా ఈ నెలల తరబడి చేసే పనే. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా ఒకే పొద్దున యోగా చేశారు. ప్రధాని వచ్చారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. అన్ని లక్షల మందిని అంత క్రమశిక్షణతో కదిలించగల యంత్రాంగం మన దగ్గర ఉందని దాంతో రుజువైంది. అదే యంత్రాంగం జూన్ 22 నుంచి ఒక్కో ఊళ్లో ఇరవై మంది ముసలివాళ్లను వారానికి మూడు రోజులు కూర్చోబెట్టి లేపగలదా అంటే, దానికి జీవో లేదు. దీని వెనక పెద్ద కుట్రేమీ లేదు, రాజకీయాల స్వభావం అంతే. ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషను చేయించుకున్న మనిషికి పేరుంది, ముఖముంది, కృతజ్ఞత ఉంది, ఓటుంది. పక్షవాతం రాకుండా తప్పించుకున్న మనిషికి తాను తప్పించుకున్నానన్న సంగతే తెలియదు. అతని ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా వేయలేరు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నివారణ కోసం వాదించేవారు తరచూ చెప్పే మాట: రూపాయి పెడితే పది రూపాయలు మిగులుతాయని. అన్నిసార్లూ మిగలవు. బీపీ పరీక్ష వందమందికి చేస్తే లాభపడేది కొందరే, ఖర్చు వందమంది మీదా అవుతుంది. వ్యాయామం చేసి పదేళ్లు ఎక్కువ బతికిన మనిషి పదేళ్లు ఎక్కువ పింఛను తీసుకుంటాడు కూడా! ఖజానాకు మిగులు చూపించి ఈ కార్యక్రమాలను అమ్మబోతే, మిగులు కనిపించని మొదటి ఏడాదే వాటికి కత్తెర పడుతుంది. ఆపరేషనుకు డబ్బిచ్చేటప్పుడు అది ఆదా చేస్తుందా అని ఎవరూ అడగరు. మనిషి బాగుపడతాడా అని అడుగుతారు. వృద్ధుల వ్యాయామానికీ అదే కొలబద్ద చాలు. దానితో కొలిస్తే ఈ ఖర్చు నెగ్గుతుంది.

ఇతర దేశాలు ఈ డబ్బును ఎలా సమకూర్చుకున్నాయో చూడటం ఉపయోగం. అమెరికాలో 1965 నాటి వృద్ధుల చట్టంలో వ్యాధి నివారణకు, ఆరోగ్య ప్రోత్సాహానికి ఒక విడి భాగమే ఉంది. దాని కింద ఏటా వచ్చేది సుమారు 2.6 కోట్ల డాలర్లు. అదే చట్టం కింద వృద్ధుల భోజనాలకు వంద కోట్ల డాలర్లకు పైగా పోతుంటే ఇది అక్కడా చిల్లరే. కానీ ఆ చిల్లరకు ఒక షరతు ఉంది. 2016 అక్టోబర్ నుంచి, పరిశోధనలో ఫలితం చూపిన కార్యక్రమాలకే ఆ సొమ్ము వాడాలి. స్టాన్‌ఫర్డ్‌లో రూపొందిన ఆరు వారాల తరగతులు వాటిలో ఒకటి. దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి, అలాంటి జబ్బుతోనే నెట్టుకొస్తున్న తోటివారు పాఠం చెబుతారు. పడిపోతామన్న భయాన్ని పోగొట్టే ఎనిమిది తరగతుల కార్యక్రమం మరొకటి, దాన్ని నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలు. ఈ షరతు వల్ల డబ్బు సన్మానాలకు, కరపత్రాలకు పోకుండా ఆగింది. అయితే లైసెన్సు రుసుములు, శిక్షణ ఖర్చులు భరించలేని మారుమూల సంస్థలకు అదే గుదిబండ అయింది. మనం షరతు తీసుకోవచ్చు, లైసెన్సు తలనొప్పిని అక్కడే వదిలేయవచ్చు.

జపాన్ 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమా తెచ్చింది. నలభై దాటిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కడతారు. ఖర్చులో సగం అలా వస్తుంది, మిగతా సగం పన్నుల సొమ్ము. మంచాన పడినవారి బిల్లులు పెరిగేసరికి 2006లో నివారణను అందులో చేర్చింది. కొచీ అనే ఊరి పురపాలక సంఘం అంతకు ముందే, 2002లో, 'నూరేళ్ల వ్యాయామం' పేరుతో ఒక పద్ధతి తయారుచేసింది. మణికట్టుకు, చీలమండకు చిన్న బరువుల పట్టీలు కట్టుకుని, కుర్చీలో కూర్చుని, పాటకు తగ్గట్టు మెల్లగా చేతులూ కాళ్లూ ఎత్తడం. పట్టీలు, వీడియో, మొదట్లో శిక్షకుడు ప్రభుత్వం ఇస్తుంది. కొన్నాళ్లకు వీధివాళ్లే నడుపుకుంటారు. అది జపాన్‌లో ఎన్నో ఊళ్లకు పాకింది.

థాయిలాండ్ దారి మనకు మరీ దగ్గరిది. 2001లో చట్టం చేసి మద్యం, పొగాకు సుంకాలపై అదనంగా 2 శాతం వసూలు చేసి నేరుగా ఒక ఆరోగ్య ప్రోత్సాహ నిధికి మళ్లించింది. ఏటా సుమారు 400 కోట్ల బాత్. బడ్జెట్ రోజున ఆర్థిక మంత్రి దయ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. మద్యం మీద వేల కోట్లు రాబట్టుకునే రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో, వచ్చినా పైకి ఎందుకు రాలేదో.

పొరుగున చూసినా సరిపోతుంది. తమిళనాడు 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' కింద మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వెళ్లి బీపీ, షుగరు చూసి మాత్రలు ఇస్తారు. అవసరమైనవారి ఇంటికి ఫిజియోథెరపిస్టు వెళతాడు. కేరళ 2008లో పాలియేటివ్ కేర్ విధానం తెచ్చి ఆ బాధ్యతను పంచాయతీల మీద పెట్టింది, డబ్బూ వారికే ఇచ్చింది. మంచాన పడ్డ మనిషి ఎవరో వార్డు సభ్యుడికి పేరుతో సహా తెలుసు గనక అక్కడ పని జరిగింది.

మన అనుభవమూ తక్కువదేం కాదు. తెలంగాణ 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలుపెట్టిన కంటి వెలుగు తొలి విడతలో కోటిన్నర మందికి పైగా కళ్లు చూసింది. 2023 జనవరిలో ఖమ్మం నుంచి రెండో విడత నడిపింది. ఆంధ్రప్రదేశ్ తన కంటి వెలుగులో అవ్వాతాతల కోసమే ఒక విడతను 2020 ఫిబ్రవరిలో కర్నూలులో ప్రారంభించింది. నెల తిరగ్గానే కొవిడ్ వచ్చి దానికి అడ్డుపడింది. ఊరి బడిలో బల్ల వేసి, అక్కడికక్కడే అద్దాలు పెట్టి, "ఇప్పుడు కనబడుతోందా తాతా?" అని అడిగిన ఆ కార్యక్రమం ఆరోగ్య ప్రోత్సాహానికి నిఖార్సయిన ఉదాహరణ. చూపు బాగుంటే జారిపడటం తగ్గుతుంది, మాత్ర పేరు చదువుకోవచ్చు, మనవరాలి ఫోనులో బొమ్మ చూడవచ్చు. లోపం ఒక్కటే. అది విడతగా వచ్చింది, విడతగా వెళ్లిపోయింది. వయసుతో పవర్ మారుతుంది, అద్దం పగులుతుంది, శుక్లం ముదురుతుంది. అద్దాలు మార్చే మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడో ప్రభుత్వం మారితే గానీ తెలియదు, మారినా తెలియదు.

ఇలాంటిదే మరొకటి. చేతికర్రలు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు, చక్రాల కుర్చీలు పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. దాని డబ్బు ఎక్కడిదో చాలామందికి తెలియదు. చిన్న పొదుపు ఖాతాల్లో, భవిష్య నిధిలో ఎవరూ వచ్చి అడగని సొమ్ముతో కేంద్రం 2016లో ఏర్పాటు చేసిన సీనియర్ సిటిజన్ల సంక్షేమ నిధి నుంచి. చనిపోయిన, మరచిపోయిన పెద్దల డబ్బు బతికున్న పెద్దలకు చేరడం ఒక రకంగా న్యాయమే. ఆ నిధితో కర్ర ఇస్తున్నారు. ఆ కర్ర అవసరాన్ని నాలుగేళ్లు వెనక్కి నెట్టే వ్యాయామానికీ అందులోంచి వాటా ఇవ్వవచ్చు.

మరి ఎంత కావాలి? ఆంధ్రప్రదేశ్ లెక్కే వేద్దాం. నెల పింఛన్ల ఖర్చులో వందకు ఒక రూపాయి, అంటే 27 కోట్లు. ఏడాదికి 324 కోట్లు. దీన్ని పింఛన్లలోంచి కోయమనడం లేదు. అంతకు సమానమైన మొత్తాన్ని విడిగా ఇమ్మంటున్నాం. రాష్ట్రంలోని 15,004 గ్రామ, వార్డు సచివాలయాలకు పంచితే ఒక్కోదానికి ఏటా దాదాపు 2.16 లక్షలు. డ్వాక్రా సంఘంలోని ఒక యువతికి శిక్షణ ఇచ్చి, వారానికి మూడు పూటలు వ్యాయామం చేయించడానికి నెలకు 4,000 గౌరవ వేతనం అనుకుంటే 48 వేలు. నెలకు రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపిస్టుకు పూటకు 1,500 చొప్పున 36 వేలు. బీపీ యంత్రాలు, షుగరు పరీక్ష పట్టీలకు 40 వేలు. తూలుతున్నారని ఫారంలో టిక్కు పడ్డవారి స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ, నేల మీద జారని పట్టా వేయడానికి ఇంటికి 1,500 చొప్పున 40 ఇళ్లకు 60 వేలు. అన్నీ కలిపి 1.84 లక్షలు. ఇంకా మిగిలిన ముప్పై వేలతో ఇప్పుడు మన జాతీయ టీకాల కార్యక్రమం వృద్ధులకు ఇవ్వని ఫ్లూ టీకాను ఆస్తమా, గుండె జబ్బు ఉన్న కొందరికైనా వేయించవచ్చు. రేట్లు ఊరిని బట్టి మారతాయి, మారనివ్వండి. ఖజానా మోయలేని బరువు మాత్రం కాదు.

తెలంగాణలో సచివాలయాల వంటి ఏర్పాటు లేదు. పల్లె దవాఖానాలు, బస్తీ దవాఖానాలు ఉన్నాయి. పద్దు అక్కడికి వెళ్లాలి.

డబ్బు కంటే కష్టమైనది ఆ డబ్బును కాపాడుకోవడం. అందుకే దీనికి వైద్య శాఖ పద్దుల్లో విడి శీర్షిక ఉండాలి, ఏ ఉమ్మడి గిన్నెలోనూ కలపకూడదు. ఏడాదికోసారి శాసనసభ ముందు మూడే లెక్కలు పెట్టాలి: అరవై దాటినవారిలో బీపీ అదుపులో ఉన్నది ఎందరికి, వ్యాయామానికి నెలలో కనీసం ఎనిమిది సార్లు వచ్చినవారు ఎందరు, పడిపోయి ఎముక విరిగినవారు ఎందరు. శిబిరాలు ఎన్ని పెట్టారన్న లెక్క ఎవరికీ అక్కర్లేదు.

అభ్యంతరాలున్నాయి, వాటిలో కొన్ని నిజమైనవి. సచివాలయ ఉద్యోగుల మీద ఇప్పటికే సర్వేలు, యాప్‌లు కుప్పపోశారు. పింఛను పంచే మనిషికే బీపీ యంత్రం కూడా తగిలిస్తే రెండు పనులూ చెడతాయి. అతను చేయాల్సింది ఒక్కటే, ఇల్లు గుర్తించి ఏఎన్ఎంకు చెప్పడం. ఆశా కార్యకర్తలకు కొత్త పని ఇస్తే కొత్త డబ్బు ఇవ్వాలి, గౌరవం పేరుతో గొడ్డు చాకిరీ చేయించుకోకూడదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం మరొకటి. వ్యాయామానికి హాజరైతేనే పింఛను, పరీక్ష చేయించుకుంటేనే పింఛను అని రేపెవరైనా తెలివైన అధికారి లంకె పెట్టవచ్చు. వేలిముద్ర పడక ఇబ్బందిపడే అవ్వకు హాజరు పట్టీ కూడా జోడిస్తే ఇక అంతే. పింఛను ఆమె హక్కు. వ్యాయామం ఆమె ఇష్టం. ఈ రెంటికీ ముడిపెట్టబోమని జీవో మొదటి పేరాలోనే రాయాలి.

ఇంకో మాట. సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయిందన్న ఆందోళనతో ఆంధ్రప్రదేశ్ 2024 నవంబర్‌లో స్థానిక ఎన్నికల అభ్యర్థులకు ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. రాష్ట్రం ముసలిదవుతోంది, ఎక్కువ మంది పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రి బహిరంగంగానే చెబుతున్నారు. చర్చించవలసిన విషయమే. కానీ ఇవాళ పుట్టే బిడ్డ సంపాదనలోకి రావడానికి పాతికేళ్లు పడుతుంది. ఆ పాతికేళ్లలో వృద్ధులయ్యేవారు ఇవాళ ముప్పై అయిదు, నలభై ఏళ్లవారు. పొలాల్లో, ఆటోల్లో, ఐటీ ఆఫీసుల్లో, గల్ఫ్ శిబిరాల్లో ఇప్పటికే ఉన్నారు. వారిని ఆరోగ్యంగా అరవైకి చేర్చడం పుట్టబోయే వారి మీద ఆశ పెట్టుకోవడం కంటే ఖాయమైన పని. పైగా ఆ పిల్లల్ని పెంచడానికి ఇంట్లో కావాల్సింది మంచాన పడని నాయనమ్మ, అమ్మమ్మలే.

2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 2025కల్లా స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరాలని, అందులో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికి పోవాలని రాసుకుంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల్లో అది 1.84 శాతం. ఆ విధానం అమలు కోసం ఎదురుచూస్తే మనలో చాలామంది అవతలి ఒడ్డుకు చేరతాం. అయితే పైన చెప్పిన మొత్తం పనికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు, అమరావతిలో, హైదరాబాద్‌లో ఒక సంతకం చాలు. వచ్చే బడ్జెట్ పెట్టిన రోజు వైద్య ఆరోగ్య శాఖ పద్దుల్లో 'వృద్ధుల ఆరోగ్య ప్రోత్సాహం' అన్న శీర్షిక ఉందో లేదో, దాని ఎదురుగా ఎంత అంకె ఉందో చూడండి. లేకపోతే మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాయండి. పింఛనుదారుల సంఘాలు, విశ్రాంత ఉద్యోగుల సంఘాలు పింఛను ఎంత పెంచుతారని అడిగే ప్రతి వినతిపత్రంలో ఈ రెండో డిమాండునూ చేర్చాలి.